రైల్వే బడిలో స్పేరు పిల్ల

మా ఊరి రైల్వే బడిని పడగొట్టే ముందు పాత విద్యార్థులంతా ఒకసారి కలవాలనుకున్నారు. మూడో లైను పనులకు ఆ స్థలం కావలసివచ్చింది. బడి మూతపడి చాలా ఏళ్ళయింది కాబట్టి పడగొట్టడానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కలవడానికి మాత్రం చెన్నై నుంచి, విజయవాడ నుంచి కూడా వస్తామన్నారు. ఆ రోజు చదవడానికి బడి చరిత్ర రాసివ్వమని నన్ను అడిగారు. నేను ఆ బడిలో చదవలేదు. అయినా నెల్లూరులో కాలేజీ రోజుల్లో డిబేట్లు గెలిచిన పిల్లగా ఊళ్ళో నాకు కొంత గుర్తింపు ఉంది. మాట్లాడగలిగినవాళ్ళు రాయగలరని పెద్దల నమ్మకం.

డిబేట్ నాకు నేర్పిన మొదటి అలవాటు, ఒక వాక్యాన్ని ఒప్పుకునే ముందు అది ఎవరి తరఫున మాట్లాడుతోందో అడగడం. ఆహ్వానపత్రం మీద ‘అందరికీ చదువు చెప్పిన మన బడి’ అని అచ్చువేశారు. అందరూ అంటే ఎవరు? నా పని అక్కడి నుంచే మొదలైంది.

చరిత్రలో కొంత భాగం సులభంగానే దొరికింది. మాది రైలు కోసం పుట్టిన ఊరు. ఆవిరి ఇంజన్లు బొగ్గుకూ నీళ్ళకూ ఇక్కడ ఆగేవి. వాటికోసం షెడ్డు, షెడ్డులో పనిచేసేవాళ్ళకోసం క్వార్టర్లు, ఆ క్వార్టర్ల పిల్లలకోసం బడి కట్టారు. మొదట్లో అది దొరల పిల్లలూ ఆంగ్లో ఇండియన్ల పిల్లలూ కూర్చునే ఒక్క గదేనని ముసలివాళ్ళు చెప్పారు. ఆ తరువాత తెలుగు తరగతులు వచ్చాయి, పెంకుల కప్పుతో పొడవాటి వరండా వచ్చింది. ఆటస్థలంలో షెడ్డు నుంచి తెచ్చిన బొగ్గు బూడిద పరిచేవారు. ఏ పిల్ల రైల్వే బడిదో నల్లటి అరికాళ్ళు చూసి చెప్పవచ్చట. పట్టాలకు అవతల, ఊరు పెరుగుతున్న పక్క, పంచాయతీ వాళ్ళు ఒక పాకలో బడి నడిపారు. అది హైస్కూలయ్యేసరికి ఒక తరం పిల్లలు పెద్దవాళ్ళైపోయి పనుల్లో పడ్డారు. ఆవిరి ఇంజన్లు పోయాక షెడ్డు మూసేశారు, కాలనీ ఖాళీ అయింది. అవతలి పక్క మాత్రం హైవే, రొయ్యల గుంటలు, మేడలు, పసుపురంగు వ్యాన్లు నడిపే ప్రైవేటు స్కూళ్ళు వరసగా వచ్చిపడ్డాయి. ఇప్పుడు మా ఊళ్ళో ఒక్కో వీధికీ ఒక స్కూలు ఉంది.

ఇదంతా రాసుకున్నాక ఒక సాయంత్రం ఆ బడిని చూడడానికి వెళ్ళాను. క్వార్టర్ల గోడల మీద నంబర్లు ఇంకా ఉన్నాయి. గుమ్మాలకు తలుపులు లేవు. బడిలో నల్లబల్ల గోడలోనే కట్టిన సిమెంటు బల్ల కావడంతో ఎవరూ ఎత్తుకుపోలేదు. తూర్పుగాలికి ఏదో కిటికీ రెక్క కొట్టుకుంటోంది. అది ఏ గదిలోదో అని వెతికాను, ఒక్క కిటికీకీ రెక్కలు లేవు. అంతలో ఒక ఎక్స్‌ప్రెస్ మా ఊరిని పట్టించుకోకుండా దూసుకుపోయింది. వరండా అంతా అదిరి, పైనుంచి సన్నటి బూడిద నా భుజాల మీద రాలింది. నేను దయ్యాలను నమ్మను. కానీ ఆ గదుల్లో నిలబడినప్పుడు, నేను వచ్చేసరికి ఎవరో మాటలు ఆపి నా వైపు చూస్తున్నట్టు అనిపించింది.

ఇంటికి వచ్చాక అమ్మను అడిగాను. అమ్మ ఆ బడిలోనే పది పాసయింది. ఇప్పటికీ మా వరండాలో చిన్నపిల్లలకు ఎక్కాలూ గుణింతాలూ చెబుతుంది. ఒకప్పుడు అంగన్‌వాడీ ఉద్యోగానికి పెట్టుకొమ్మని వీధంతా చెప్పినా ఆమె పెట్టుకోలేదు. ఎందుకో ఎవరికీ తెలియలేదు.

“పాత విద్యార్థుల జ్ఞాపకాల్లో నీదొకటి రాస్తానమ్మా” అన్నాను.

అమ్మ ట్యూషన్ పిల్లల పలకలు తుడుస్తోంది. తల ఎత్తలేదు.

“ఆ బళ్ళో నేను చదివినట్టు యాడా లేదు లేమ్మణ్ణీ.”

“అదేంటి? పది పాసయ్యావుగా.”

“చదివింది నేనే. పాసయ్యింది మాత్రం ఆ పాప.”

ఆ రోజు అమ్మ చెప్పినదాన్ని ఉన్నదున్నట్టుగా ఇక్కడ రాస్తున్నాను.

అమ్మది అల్లూరు అవతల, సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పాళెం. అక్కడ అమ్మ చదివే తాటాకుల బడి ఒక తుపానుకు ఎగిరిపోయింది, దాన్ని మళ్ళీ ఎవరూ వేయలేదు. అమ్మమ్మ రోజూ ఎండుచేపల గంప ఎత్తుకుని ఈ రైల్వే కాలనీకి వచ్చి క్వార్టరు క్వార్టరుకూ తిరిగి అమ్మేది. అమ్మ వెంట వచ్చేది. ఇంజను డ్రైవరు ఒకాయన ఇంట్లో అమ్మ వయసు పిల్ల ఉండేది. డ్రైవరు భార్యను అందరూ డ్రైవరమ్మ అనేవారు. చేపల బేరం తెగేలోపు పిల్లలిద్దరూ అరుగు మీద గవ్వలాడుకునేవారు. ఒక ఎండాకాలం సెలవుల్లో ఆ పిల్ల జ్వరంతో చనిపోయింది. నాలుగో తరగతి అప్పుడే పూర్తయింది.

సెలవుల తరువాత బడి తెరిచిన రోజున అమ్మమ్మ గంప దించగానే డ్రైవరమ్మ అమ్మను లోపలికి పిలిచింది. తలకు పోసింది. ఆరబెట్టి రెండు జడలు వేసింది. చనిపోయిన పిల్ల గౌను తొడిగింది. కుట్టు విప్పనక్కర లేకుండా, మడత వేయనక్కర లేకుండా అది అమ్మకు సరిపోయింది. గౌనులో కర్పూరం వాసన ఉన్నట్టు అమ్మకు ఇప్పటికీ గుర్తు.

“నీ పేరేందే?” అని అడిగింది డ్రైవరమ్మ. అమ్మ చెప్పింది.

“ఆ పేరు ఇంక చెప్పబాక. బళ్ళో మా పాప పేరు పిలిస్తే నువ్వు పలుకు. అంతే.”

అమ్మమ్మ వాకిట్లో నిలబడి ఇదంతా చూసింది. గంప నెత్తికెత్తుకుంటూ ఆమె అడిగింది ఒక్కటే: “మద్యానం అన్నం పెడతారా తల్లీ?”

రైల్వే ఉద్యోగుల పిల్లలకు తప్ప ఆ బడిలో వేరే ఎవరికీ చోటులేని రోజులవి. హెడ్‌మాస్టరుకు విషయం తెలుసు. పిల్లలు తగ్గితే పైవాళ్ళు సెక్షను ఎత్తేస్తారని ఆయన భయం. “కూర్చోనీండి” అన్నాడట. మిగిలినవాళ్ళు ఎందుకు ఊరుకున్నారని నేను అమ్మను గుచ్చి గుచ్చి అడిగాను. అమ్మకు అది ప్రశ్నగానే తోచలేదు. నాకు కొంత ఆలోచించాక అర్థమైంది. రైల్వేలో ఏ చోటూ ఖాళీగా ఉండకూడదు. డ్రైవరుకు జబ్బు చేస్తే షెడ్డులో స్పేరు డ్రైవరు సిద్ధంగా ఉంటాడు. అతను ఎక్కుతాడు, బండి కదులుతుంది. ఒక కుటుంబం బదిలీ మీద వెళ్ళిపోతే, అదే క్వార్టరులో దిగిన కుటుంబం పిల్లలు ఆ పాత పిల్లల బెంచీలో కూర్చునేవారు, వాళ్ళ మేకుకే సంచి తగిలించేవారు. నాటకంలో వెళ్ళిపోయిన పిల్ల వేషం వచ్చిన పిల్లకు దక్కేది. పొద్దున లేస్తే బదిలీల మధ్య బతికే ఆ మనుషులు చావును కూడా ఒక బదిలీ అనుకున్నారు. ఇంకెక్కడైనా ఇంత పెద్ద పొరపాటు చేయడానికి నలుగురైనా సందేహించేవారు. అక్కడ అది రోజూ చేసే పని.

పిల్లలు మాత్రం ఊరుకోలేదు. అమ్మకు ‘స్పేరు’ అని పేరు పెట్టారు.

“ఏమే స్పేరూ, ఈరోజు గూడా నీదేనా డ్యూటీ?”

“అసలు డ్రైవరు ఎప్పుడొస్తాడే?”

రెండోది అడిగింది ఒక గార్డు కూతురు. చనిపోయిన పిల్లకు ప్రాణస్నేహితురాలు. ఆమె ఆటపట్టించడానికే అడిగి ఉండవచ్చు. అమ్మ మాత్రం ఆ పిల్ల నిజంగానే తిరిగి వస్తుందేమోనని భయపడింది. బెంచీలో కిటికీ పక్క ఆ పిల్ల చోటు. అమ్మ అక్కడ ఏనాడూ కూర్చోలేదు. జానెడు చోటు వదిలి బెంచీ అంచున కూర్చునేది. పరీక్షల్లో ఇరుకైనా జరిగేది కాదు. గౌనులు పొట్టివైనప్పుడు డ్రైవరమ్మ కొత్తవి కుట్టించింది. ఆ పిల్ల రాసినట్టే రాయమని పాత కాపీ పుస్తకాలు ముందు పెట్టింది. అమ్మ దస్తూరి గుండ్రంగా, కొంచెం ఎడమకు వాలి ఉంటుంది. నాకు అక్షరాలు దిద్దించింది ఆ దస్తూరితోనే. నా దస్తూరీ అలాగే ఉంటుంది.

చనిపోయిన పిల్ల పేరే అమ్మకు నిలిచిపోయింది. పెళ్ళి శుభలేఖ మీద అదే, నాన్న పిలిచేదీ అదే. పుట్టినప్పటి పేరుతో పిలిచే మనిషి అమ్మమ్మ ఒక్కతే. ఆమె పోయాక ఆ పేరు ఎవరి నోటా వినపడలేదు. అంగన్‌వాడీ ఉద్యోగానికి సర్టిఫికెట్ బయటికి తీయాలి. తీస్తే ఎవరైనా ఏమైనా అడుగుతారని అమ్మ భయపడింది.

“నీ సొంత పేరుతో నేను రాస్తాను” అన్నాను. నాకు కోపంగా ఉంది. చెప్పవలసిన విషయం ఇంత స్పష్టంగా నాకు ఎప్పుడూ దొరకలేదు.

అమ్మ పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చింది.

“ఆ బళ్ళో నా పేరు ఎవురూ పిలవలా” అంది. “పడగొట్టేలోపల ఆ గోడల మద్దెన ఒక్కసారి ఎవురన్నా అంటే వినాలని నాకూ ఉండాది. కానీ డ్రైవరమ్మను అడక్కుండా రాయబాక.”

డ్రైవరమ్మ ఇంకా మా ఊళ్ళోనే ఉంది. భర్త రిటైరయ్యాక పట్టాలకు అవతల రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. ఆయన పోయాక ఆమె ఒక్కతే ఉంటోంది. వేరే పిల్లలు లేరు. నేను వెళ్ళేసరికి వాకిట్లో మంచం మీద కూర్చుని అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తోంది.

“ఎవురూ? పాప కూతురివా? రా, రా. పాప రాలా?”

ఆమె అమ్మను పాప అనే పిలుస్తుంది. లోపల గోడకు డ్రైవరు గారి ఫొటో, దండతో ఉంది. అమ్మాయి ఫొటో కోసం నా కళ్ళు వెతకడం ఆమె గమనించింది.

“దండేసేది పోయినోళ్ళకు గదా” అంది.

నేను వచ్చిన పని చెప్పాను. వేదిక మీద చెప్పినట్టే ఒక్కో మెట్టూ పేర్చుకుంటూ చెప్పాను: ఒక మనిషి పేరు ఆ మనిషిదే, అమ్మ చదువు అమ్మదే, మంచి మనసుతో చేసిన పని కూడా ఇంకొకరిని చెరిపేయవచ్చు, బడి చరిత్ర అబద్ధంతో ముగియకూడదు. ఆమె మధ్యలో అడ్డు రాలేదు. వక్కలు మాత్రం సన్నగా, ఇంకా సన్నగా తెగుతున్నాయి.

“ఏం రాస్తావు?”

“జరిగింది రాస్తానవ్వా.”

“జరిగింది యాడుంది ఇప్పుడు? షెడ్డే లేకపాయ.” కొంచెం నవ్వింది. “బాగా మాట్లాడతావని పాప చెప్తా ఉంటది. నిజమే. నేనొకటి అడుగుతా, చెప్పు. మా పాప ఎన్నో తరగతి దాకా చదివింది?”

నాకు జవాబు తెలుసు. నాలుగు. అది వాస్తవం, దాని మీదే నా వాదనంతా నిలబడి ఉంది. నోరు తెరిచాను.

“పది పాసయ్యింది” అంది ఆమె. “ఫస్టు క్లాసు రాలా, లెక్కల్లో మార్కులు పోయినాయి. అయినా కాలనీ అంతా బూందీ పంచినా. ఆయన డ్యూటీ దిగి వచ్చి, మసి చేతులతోనే నోట్లో ఏసుకున్నాడు. నువ్వు రాసేది రాస్తే, అది ఎవురి బూందీ అవుతుంది అమ్మణ్ణీ?”

నేను లేచి నిలబడ్డాను. ఆమె వద్దనలేదు, సరేననలేదు. వక్కాకు ఇవ్వబోయి, నువ్వు వేసుకోవులే అని తానే వేసుకుంది.

ఇంటికి వచ్చి జరిగింది చెప్పాను. అమ్మ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని వింది.

“అట్టయితే పేర్లొద్దు” అంది. “నాదీ వద్దు, ఆ పాపదీ వద్దు.”

“పేరు లేని సాక్ష్యం చెల్లదమ్మా.”

“ఇది మీ కాలేజీ కాదమ్మణ్ణీ.”

ఆమె కోరుకున్నది ఒక్కటే అని నాకు తెలుసు, దాన్ని ఆమే వదులుకుంటోందనీ తెలుసు. వాదించి గెలవవచ్చు. గెలిస్తే ఎవరు ఓడిపోతారో మొదటిసారి నాకు కనిపించింది. ఆ రాత్రే ఆ భాగాన్ని పేర్లు లేకుండా రాశాను.

సభ బడి వరండాలోనే జరిగింది. పొద్దుటిపూట. షామియానా వేశారు, ఇడ్లీలు పెట్టారు. నెత్తులు నెరిసిన మనుషులు ఒకరినొకరు చిన్నప్పటి పేర్లతో పిలుచుకుంటూ, పాత బెంచీల్లో పట్టక నవ్వుకుంటూ కూర్చున్నారు. గార్డు కూతురు ఇప్పుడు చెన్నైలో ఉంటుంది. సభ ఏర్పాట్లు అన్నీ ఆమెవే. అమ్మను చూడగానే గట్టిగా పట్టుకుంది.

“ఏమే స్పేరూ! ఇంకా ఆ మూలకే కూసోవాల్నా? జరగవే.”

అమ్మ నవ్వింది. జరగలేదు.

డ్రైవరమ్మ వస్తుందని నేను అనుకోలేదు. ఆటోలో వచ్చింది. ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

నేను చదవడం మొదలుపెట్టాను. దొరల గది, పెంకుల వరండా, బూడిద నేల చెప్పినప్పుడు అందరూ నవ్వారు, తమ పాదాలు చూసుకున్నారు. పట్టాలకు అవతల పాకబడి గురించి, ఈ గేటు దాటి లోపలికి రాలేకపోయిన పిల్లల గురించి చదివినప్పుడు నవ్వులు తగ్గాయి. ఆ తరువాత ఇది చదివాను: “ఈ బడిలో ఒక అమ్మాయి నాలుగు తరగతులు చదివి, ఐదు చదవకుండానే లోకం విడిచింది. ఆమె చోట ఇంకొక అమ్మాయి కూర్చుని పది దాకా చదివింది. మన చరిత్రలో ఒక్కరుగా ఉన్న ఆ ఇద్దరినీ ఈరోజు ఇద్దరుగా తలుచుకుందాం.”

ఆ వరండాలో సగం మందికి తెలుసు. తెలిసినవాళ్ళ మౌనం ఎలా ఉంటుందో ఆ రోజు విన్నాను. ఇన్నేళ్ళూ అమ్మ చుట్టూ ఉన్నది అదే.

“ఆగమ్మా” అంది డ్రైవరమ్మ. గొంతు సన్నగా ఉన్నా అందరికీ వినిపించింది. “ఆ రెండో పిల్లకు పేరు లేదా?”

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ బెంచీ అంచున, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఉంది. గార్డు కూతురు కళ్ళు తుడుచుకుంటూ ఆమె మోచేతిని పొడిచింది. “చెప్పవే. ఇన్నాళ్ళూ నేను గూడా అడగలేదే తల్లీ.”

అమ్మ లేచి నిలబడింది. తల వంచుకుని తన పేరు చెప్పింది.

“అదే” అంది డ్రైవరమ్మ. “ఆరోజు గూడా ఇట్టానే తల వంచుకోని చెప్పినావు.” ఆ తరువాత ఎవరివైపూ చూడకుండా, “మా పాప నాలుగు చదివింది” అంది.

ఎవరో చప్పట్లు మొదలుపెట్టబోయి ఆపేశారు. మిగిలిన పేజీలు నేను చదవలేదు.

ఇప్పుడు ఆ చోట కంకర పోసి ఉంది. అమ్మ కోరిక తీరింది, ఆ గోడల మధ్యే తీరింది. నేను పట్టుకున్న సూత్రం తప్పని ఇప్పటికీ ఒప్పుకోను. కానీ వాదన ముగిశాక ఏం జరుగుతుందో డిబేట్లలో ఎవరూ చూడరు. గంట మోగగానే అందరూ ఇంటికి వెళ్ళిపోతారు.

మొన్న సంతలో డ్రైవరమ్మ కనిపించింది. దూరం నుంచే అమ్మను పిలిచింది. పాప అనలేదు, అమ్మ సొంత పేరుతో పిలిచింది. అమ్మ వంకాయలు ఏరుకుంటూ వెనక్కి తిరగలేదు. రెండోసారి పిలిచినా తిరగలేదు. నేను భుజం తడితే తిరిగి, పిలిచింది తననేనా అన్నట్టు నన్ను చూసింది.

ఇంట్లో నాన్న ఒకటి రెండు సార్లు ఆ సొంత పేరుతో పిలవబోయాడు. ఇద్దరూ సిగ్గుపడి మానుకున్నారు. ఇప్పుడు మళ్ళీ పాత పేరుతోనే పిలుస్తాడు. అమ్మ వెంటనే పలకదు. చేతిలో పని ఆపి, ముందు గుమ్మం వైపు చూస్తుంది. అక్కడి నుంచి ఎవరూ పలకకపోతే, అప్పుడు తాను పలుకుతుంది.